గంత మర్యాద జేస్తే ఎట్ల సార్?



మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి హైదరాబాద్ భాషలో హాస్యం అనే అంశం తీసుకుంటానని చెప్పినప్పుడు, నిర్వాహకుల్లో ఒక పెద్దాయన కాసేపు ఆలోచించి, "హాస్యం సరేనండీ, భాష ఎక్కడిది?" అన్నారు. ఆయన నొప్పించాలని అనలేదు. చాలామంది మనసులో ఉన్నదే పైకి అన్నారు. నా ఉపన్యాసానికి కావలసిన సరుకు సగం ఆ ఒక్క ప్రశ్నలోనే దొరికింది కాబట్టి ముందుగా వారికి కృతజ్ఞతలు.

మాస్టారు తెలుగు పండితులు. తరగతిలో నన్నయ దగ్గర మొదలుపెడితే గంట కొట్టేదాకా ఒక్క అన్యదేశ్యం దొర్లేది కాదు. సాయంత్రం అదే మనిషి చిక్కడపల్లి మార్కెట్లో దోసకాయల బుట్ట ముందు కూర్చుని, "గిదేం రేటమ్మా, జర సోంచాయించి చెప్పు" అనేవారు. రెండూ ఆయన గొంతులే. ఏ గొంతు ఎక్కడ వాడాలో ఆయనకు తెలుసు. ఒకదాని చోట ఇంకొకటి కావాలని వాడి నవ్వించడం కూడా తెలుసు. మార్కులు తక్కువొచ్చిన కుర్రాణ్ని నిలబెట్టి, "నాయనా, నీ ప్రతిభ అనన్యసామాన్యము" అని, రెండు క్షణాలు ఆగి, "హౌలే" అనేవారు. తరగతి గొల్లుమనేది. తిట్టు తిన్నవాడు కూడా నవ్వేవాడు.

ఆ రెండు క్షణాల గురించే నేను ఇవాళ మాట్లాడబోయేది. హైదరాబాద్ యాసలో నవ్వు పుట్టించే మాటలేవో ప్రత్యేకంగా ఉన్నాయని నేననుకోను. 'నక్కో', 'హౌ', 'కైకూ', 'లొల్లి', 'పరేషాన్': వీటిని వరసగా చదివితే ఎవరికీ నవ్వు రాదు. ఈ మధ్య ఇవే మాటలను బనియన్ల మీద, చాయ్ కప్పుల మీద అచ్చువేసి అమ్ముతున్నారు. కొన్నవాళ్లు ఒకసారి నవ్వుతారు, తర్వాత ఆ కప్పులో పెన్నులు పెట్టుకుంటారు. నవ్వు పుట్టేది పై అంతస్తు భాషకూ కింది అంతస్తు భాషకూ నడుమ ఉన్న మెట్ల మీద. ఈ నగరంలో ఆ మెట్లు చాలా ఎక్కువ.

సిటీ బస్సులో విన్న మాట ఒకటి చెబుతాను. ఇస్త్రీ మడత నలగని ఒక పెద్దమనిషి కండక్టర్‌తో, "దయచేసి అసెంబ్లీ వద్ద ఆపగలరా?" అన్నాడు. కండక్టర్ ఆయన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఆపుత సార్. గని గంత మర్యాద జేస్తే ఎట్ల సార్? టికెట్ పైసలడగనీకి సిగ్గైతది" అన్నాడు. బస్సంతా నవ్వింది. పెద్దమనిషి కూడా నవ్వి పైసలు తీశాడు. ఇందులో ఎవరి భాషనూ ఎవరూ వెక్కిరించలేదు. మర్యాద మరీ ఎత్తుకు పోతే కండక్టర్ దాన్ని చెయ్యిపట్టి కిందికి దించాడు, అంతే. ఈ నగరం నవ్వులో నాకు కనిపించే అసలు పని ఇదే.

ఇంత మర్యాద ఇక్కడికి ఎలా వచ్చిందన్నది చరిత్ర. 1591లో నగరం కట్టిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీలో కవిత్వం రాశాడు. ఆ కవిత్వంలో తెలుగు మాటలూ ఉన్నాయి. రాజే వీధిభాషలో రాస్తుంటే ఇక మెట్లెక్కడివి? అవి తర్వాత వచ్చాయి. దక్కన్ నుంచి వలీ కవిత్వం ఢిల్లీ చేరి, అక్కడి ఫారసీ కవులకు మన దేశపు మాటలో కూడా గజల్ రాయవచ్చని చూపించింది. అది నేర్చుకున్న ఢిల్లీ, లక్నోలు మాటను తోమి తోమి మెరిపించి, కొన్నాళ్లకు దక్కనీని మోటు అన్నాయి. బాకీ తీర్చకపోగా అప్పిచ్చినవాణ్ని పల్లెటూరివాడన్నట్టు. ఆసఫ్‌జాహీల కొలువులో ఫారసీ, తర్వాత ఉర్దూ అధికార భాషలయ్యాయి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. వైద్యం, ఇంజనీరింగ్, న్యాయశాస్త్రం అన్నిటికీ ఉర్దూలో పరిభాష సృష్టించడానికి ఒక అనువాద సంస్థే పెట్టారు. అది గొప్ప పని, సందేహం లేదు. కానీ ఆ పారిభాషిక పదాలు బట్టీపట్టిన విద్యార్థి తరగతి దాటగానే "క్యాకి మియా, కుచ్ సమజ్‌మే నై ఆయా" అనే అన్నాడు.

తెలుగువాడికి ఇదే అనుభవం ఇంకో దారిన వచ్చింది. 1956 తర్వాత పాఠ్యపుస్తకం, రేడియో, పత్రిక అన్నీ కోస్తా జిల్లాల తెలుగును ప్రమాణంగా పట్టుకున్నాయి. 'వస్తున్నడు' అనే పిల్లాడు 'వస్తున్నాడు' అని దిద్దుకున్నాడు. ఇంటికెళ్లాక మళ్లీ 'అస్తుండు'. ఇలా ఈ నగరంలో రెండు భాషలవాళ్లకూ రెండేసి గొంతులు ఏర్పడ్డాయి. ఒకటి అర్జీలకు, ఇంకొకటి అమ్మతో మాట్లాడడానికి.

ఆ కింది అంతస్తులో మాత్రం దక్కనీ, తెలుగు ఒకే కుండలో ఉడికాయి. దక్కనీవాడు "ఆతుం బోల్కే బోలా" అంటాడు. ఢిల్లీవాడికి ఆ 'బోల్కే' అక్కడ ఎందుకుందో అర్థం కాదు. మనకు వెంటనే అర్థమవుతుంది. "వస్త అని చెప్పిండు" అనే వాక్యంలోని మన 'అని'ని ఎత్తుకుపోయి వాళ్ల మాటతో కూర్చున్నారు. 'క్యాకి' మన 'ఏమో'. 'కోన్ కి' మన 'ఎవరో'. మాటలు ఉర్దూవి, నడక తెలుగుది. మరాఠీ కూడా ఒక చెయ్యి వేసింది: నక్కో అక్కడిదే, నొక్కిచెప్పే 'ఇచ్' కూడా అక్కడిదే. ఇంగ్లీషు మాట దొరికినా దక్కనీ దానికి తన బహువచనం తగిలిస్తుంది: బస్సులు 'బసాఁ', ఫైళ్లు 'ఫైలాఁ'. ఫైలు కదలకపోయినా బహువచనం మాత్రం కదిలింది.

హైదరాబాదీ 'పర్సోం' మీద జోకులు మీకందరికీ తెలుసు. "పర్సోంచ్ మిలే థే నా" అన్నవాడు గడిచిన ఆదివారం సంగతి చెబుతున్నాడో, పోలీసు చర్యకు ముందు సంగతి చెబుతున్నాడో తేల్చడం కష్టం. ఉత్తరాదివాళ్లు దీన్ని హైదరాబాదీ సోమరితనానికి గుర్తుగా చెప్పుకుని నవ్వుతారు. నేనంటాను, మన 'మొన్న' మాత్రం తక్కువ తిన్నదా? "మొన్నమొన్ననే కట్టిండ్రు గా బిల్డింగు" అన్న మనిషి వేలు చూపించే భవనానికి నాచు పట్టి ఉంటుంది. దూరం సంగతీ అంతే. చార్మినార్ దగ్గర దారి అడగండి. "నజ్దీకిచ్ హై. ఐసా సీదా జాకో ఐసాచ్ ముడ్ జావ్" అని చెయ్యి గాలిలో ఒంపు తిరుగుతుంది. ఆ ఒంపు కుడికో ఎడమకో అడిగినవాడికి తెలియదు, చెప్పినవాడు చూడడు. ఎదుటివాణ్ని 'చాలా దూరం' అని భయపెట్టడం ఇక్కడ అమర్యాద. ఫోన్‌లో "ఆరుం, ఆరుం, నికల్ గయా" అన్నవాడు ఇంకా లుంగీలోనే ఉంటాడు. అది అబద్ధం కాదని, మర్యాదలో ఒక శాఖ అని నా వాదన. 'రాలేను' అనే మాట ఈ ఊళ్లో ఎవరి నోటా అంత తేలిగ్గా రాదు.

ఇక 1965కు వస్తాను. ఆ ఏడు ఈ యాసకు రెండు వేదికలు దొరికాయి. బొంబాయిలో 'గుమ్నామ్' సినిమా విడుదలైంది. అందులో మెహమూద్ హైదరాబాదీ యాస మాట్లాడే బట్లర్. మెహమూద్ బొంబాయివాడు. నల్లగా, లుంగీతో, చార్లీ చాప్లిన్ మీసంతో, యజమానుల మధ్య తిరిగే పనివాడి పాత్ర. దేశమంతా పగలబడి నవ్వింది. ఆ తర్వాత హిందీ సినిమాలో హైదరాబాదీ యాస వినిపిస్తే పనివాడో, గూండా వెనక తిరిగేవాడో వచ్చాడని ప్రేక్షకుడికి అలవాటైపోయింది. హైదరాబాద్‌వాళ్లు కూడా ఆ సినిమా చూసి మురిసిపోయారు. ఆ మాట దాచి ప్రయోజనం లేదు. మన మాట తెరమీద వినబడితే చాలనుకునే రోజులవి.

అదే ఏడు హైదరాబాద్‌లో బబ్బన్ ఖాన్ అనే యువకుడు 'అద్రక్ కే పంజే' అనే నాటకం మొదలుపెట్టాడు. రాసింది ఆయనే, ఆడించింది ఆయనే, ముఖ్యపాత్ర ఆయనదే. చాలీచాలని జీతం, ఇంటినిండా పిల్లలు, గుమ్మంలో అప్పులవాళ్లు, ఇదీ ఆ గుమాస్తా కథ. అదే యాస. కానీ ఇక్కడ వేదిక మీదున్న మనిషి, కుర్చీల్లో ఉన్న మనిషి ఒకే వీధివాళ్లు. అప్పులవాణ్ని గుమాస్తా ఎలా తిప్పిపంపుతాడోనని ప్రేక్షకుడు ముందుకు వంగి చూసేవాడు, ఎందుకంటే ఆ ఉపాయం రేపు తనకూ పనికొస్తుంది. ఆ నాటకం 2001 దాకా ఆడింది. ప్రదర్శనలు పదివేలు దాటి గిన్నిస్ పుస్తకానికెక్కింది. నాటకరచనగా అది ఏ స్థాయిదని విమర్శకులు తర్జనభర్జన పడవచ్చు, నాకూ కొన్ని అభ్యంతరాలున్నాయి. కానీ ముప్పై ఆరేళ్లు ఒక ఊరు తన కష్టాన్ని తన మాటలోనే విని నవ్వుకుందంటే, ఆ మాట వట్టి వెకిలి మాట అనడానికి నాకు నోరు రాదు.

కష్టం అన్నాను కాబట్టి సులేమాన్ ఖతీబ్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఆయన గుల్బర్గా మనిషి. 1956 దాకా గుల్బర్గా హైదరాబాద్ రాష్ట్రంలోదే. ముషాయిరాలో ఆయన లేచి నిలబడితే జనం ముందే నవ్వడం మొదలుపెట్టేవారట. దక్కనీలో రాస్తాడని తెలుసు, దక్కనీ అంటే హాస్యమని అలవాటు. ఆయన ఆ అలవాటును వలగా వాడుకున్నాడు. 'పహలీ తారీఖ్' అనే ఆయన నజ్మ్ జీతం రోజున భార్యాభర్తల గొడవ. ఇంకొకదానిలో అత్తాకోడళ్లు. మరొకదానిలో పెళ్లిబేరం: ముందు పిల్లవాడి తల్లి గొప్పలు, కోరికల చిట్టా, ఆ చిట్టా పెరిగేకొద్దీ సభలో నవ్వు పెరుగుతుంది. ఆ తర్వాత ఆడపిల్ల వైపు గొంతు మొదలవుతుంది. యాస మారదు, మాటల తీరు మారదు, కానీ నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. ఇంతసేపు తాము దేనికి నవ్వారో శ్రోతలకు అప్పుడు తెలుస్తుంది. తోమిన ఉర్దూలో ఇదే కవిత రాసి ఉంటే మొదటి పంక్తికే అందరూ గంభీరంగా ముఖం పెట్టుకుని కూర్చునేవారు, చివరిదాకా ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. నవ్వడానికి వచ్చినవాణ్నే ఇలా పట్టుకోగలరు.

ఖతీబ్ పట్టుకున్న మాట ముఖ్యంగా ఆడవాళ్లది. పాత బస్తీ ఇళ్లల్లో పిల్లల మీద కోపమొస్తే 'మాటీ మిలే' అంటారు, మట్టిలో కలవా అని. మన ఇళ్లల్లో 'నీ మన్నువడ' అంటారు. రెండుచోట్లా ఆ తిట్టు తిట్టిన తల్లే, మరుక్షణం అన్నం ముద్ద కలిపి నోట్లో పెడుతుంది. తిట్టును ముద్దుగా మార్చే ఈ విద్య పుస్తకాల భాషలో లేదు. పుస్తకాల భాషలో తిడితే నిజంగానే తిట్టినట్టుంటుంది.

1962లో 'జిందా దిలానే హైదరాబాద్' అనే హాస్యప్రియుల సంస్థ పుట్టింది. 1968 నుంచి 'షగూఫా' అనే హాస్య మాసపత్రిక వచ్చింది. ముజ్తబా హుసేన్ లాంటి వ్యాసకారుడు ఈ గాలిలోనే ఎదిగారు. ఆయనకు 2007లో పద్మశ్రీ వచ్చింది. అయితే ముజ్తబా రాసింది మాత్రం చక్కటి ప్రామాణిక ఉర్దూ వచనం. యాస కవిసమ్మేళనానికి, శుద్ధభాష పత్రికకు అనే ఏర్పాటు హాస్యకారుల మధ్య కూడా తప్పలేదు.

తెలుగు వైపు చూస్తే మన మెహమూద్‌లు మనకున్నారు. 1985లో వచ్చిన 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు తెలంగాణ యాసలో మాట్లాడే రాజకీయ నాయకుడు. కోట కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. చెవి అద్భుతమైనది. ఆ నటన గురించి నాకెలాంటి ఫిర్యాదూ లేదు. ఫిర్యాదు ఆయన తర్వాత వరసకట్టినవాళ్ల మీద. కథానాయకుడు శుద్ధంగా మాట్లాడతాడు, వాడి చేతిలో తన్నులు తినేవాడు యాసలో మాట్లాడతాడు. ఇరవై ఏళ్లు ఇదే వంట. హైదరాబాద్ థియేటర్లో కూర్చున్న హైదరాబాద్ కుర్రాడు ఎవరి పక్షాన చప్పట్లు కొట్టాలో తెలియక, చివరికి తనను తన్నినవాడికే కొట్టాడు.

ఇక్కడ మన వీపు మనం తట్టుకోవడం కూడా తగదు. అమీర్‌పేట హాస్టళ్లలో గోదావరి కుర్రాడు 'ఆయ్' అంటే మనవాళ్లు ఎంత ఏడిపించారో నాకు తెలుసు. శ్రీకాకుళం పిల్ల నోరు తెరిస్తే గదంతా చుట్టూ చేరేది. నగరం వాళ్లకు ఉద్యోగం ఇచ్చింది గానీ, వాళ్ల మాట కాపాడుకోవడానికి చోటివ్వలేదు. ఆరు నెలల్లో ఆ 'ఆయ్' ఎక్కడికి పోయేదో.

2005లో 'ది అంగ్రేజ్' వచ్చింది. తక్కువ ఖర్చుతో తీసిన సినిమా. అమెరికా నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు ఒకవైపు, చార్మినార్ చుట్టూ రోజంతా కూర్చునే ఇస్మాయిల్ భాయ్ ముఠా ఇంకోవైపు. ఇస్మాయిల్ భాయ్ పెద్ద మాటలు మాట్లాడతాడు, చేతలు మాత్రం సున్నా. సలీం ఫేకూ పేరుకు తగ్గట్టు కోస్తూనే ఉంటాడు. అది యాసను ఎగతాళి చేసిన సినిమా అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. అందులో అమెరికా కుర్రాళ్ల ఇంగ్లీషు కూడా నవ్వులపాలయ్యేదే. సినిమా పేరే చూడండి, చార్మినార్ కుర్రాళ్లు వాళ్లకు పెట్టిన పేరు అది. ఎవడు ఎవణ్ని చూసి నవ్వుతున్నాడో తేలకుండా ఉంచడం ఆ సినిమా గెలుపు. పాత బస్తీ కుర్రాళ్లే దాని డైలాగులు కంఠతా పట్టారంటే అందుకే. ఆ తర్వాత వరసగా వచ్చిన అనుకరణల్లో అరుపులు మిగిలాయి, ఆ గడుసుతనం పోయింది.

తెలుగులో మలుపు 2016లో 'పెళ్లిచూపులు'తో వచ్చిందని నా లెక్క. ప్రియదర్శి వేసిన స్నేహితుడి పాత్ర యాసలో మాట్లాడుతుంది. ఆ యాసను ఎవరూ విప్పిచెప్పరు, ఎవరూ వెక్కిరించరు. నవ్వు సందర్భం నుంచి వస్తుంది. వాడు అలా కాక ఇంకెలా మాట్లాడతాడు అనిపిస్తుంది. 2021లో 'జాతి రత్నాలు' జోగిపేట కుర్రాళ్లను నగరానికి తెచ్చి వదిలింది. ఈ రోజుల్లోనే టీవీలో బిత్తిరి సత్తి కనిపించాడు. వార్తలు చదివే చోట నిలబడి, వార్తకు అర్థమేమిటని యాసలో అమాయకంగా అడిగేవాడు. మంత్రిగారి పథకానికి నాలుగు సమాసాల పేరుంటే, "అంటే పైసలు ఇస్తరా, ఇయ్యరా?" అన్న ధోరణిలో సాగేది ప్రశ్న. ఎత్తైన మాట కింద ఏముందో తొంగిచూసే పని అది. బస్సు కండక్టర్ చేసిన పనే.

బైగన్ గురించి చెప్పకుండా దిగితే హైదరాబాద్ శ్రోతలు నన్ను వదలరు. పెళ్లి విందులో బగారా బైగన్ లేకపోతే ఆడపెళ్లివారి పరువు పోతుంది. అదే వంకాయ నోటికొస్తే తిట్టు, విసుగు, ఆశ్చర్యం, 'ఉత్తమాటలు' అన్నీ అవుతుంది. ప్రపంచంలో ఇంకే ఊరూ ఒక కూరగాయ మీద ఇంత ప్రేమ, ఇంత కోపం ఒకేసారి చూపించి ఉండదు. దీనికి నా దగ్గర సిద్ధాంతమేమీ లేదు. ఉన్నదని చెప్పేవాళ్లను నమ్మకండి.

ఇప్పుడు నగరంలో పై అంతస్తు భాష మళ్లీ మారింది. ఫారసీ పోయింది, కొలువు ఉర్దూ పోయింది, రేడియో తెలుగు కూడా వెనక్కి తగ్గింది. మాదాపూర్, గచ్చిబౌలిలో పిల్లలు నాలుగు రాష్ట్రాల యాసలను ఇంగ్లీషులో ముంచి మాట్లాడుతున్నారు. యాస పోతుందని బెంగపడేవాళ్లు చాలామంది ఉత్తరాలు రాస్తుంటారు. నాకు అంత బెంగ లేదు. గొప్పగా మాట్లాడే గొంతు ఒకటి ఉన్నంతకాలం దానికి జవాబు చెప్పే గొంతు కిందినుంచి వస్తూనే ఉంటుంది. ఈ మధ్య ముషీరాబాద్ వైపు ఆటోలో పోతున్నాను. డ్రైవర్ ఫోన్‌లో దారి చెప్పే గొంతు, అచ్చు తప్పులేని ఇంగ్లీషులో, ముందు ఎడమకు తిరగమంది. ఆయన తిరగలేదు. మళ్లీ చెప్పింది. మళ్లీ తిరగలేదు. మూడోసారికి ఆయన ఫోన్ వైపు చూసి, కోపం లేకుండా, చిన్నపిల్లకు చెప్పినట్టు, "అమ్మా, గాడ గణేష్ మండపమేశి గల్లి బంద్ జేశిండ్రు. నీకెవ్వలు చెప్పలేదా?" అన్నాడు. ఆమె కాసేపు ఊరుకుని, మరో దారి వెతుకుతున్నానంది. ఆయన నా వైపు తిరిగి అన్నాడు: "జూసిన్రా సార్, జర మంచిగ చెప్తే ఇంటది."